దీపానికి 50 గొర్రెలు

2013 చివర్లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు లోకాన్ని ఒక వింత కోరిక కోరారు: మా కరెంటు బిల్లు ఎవరైనా కట్టండి. ఏడాదికి సుమారు 20,000 డాలర్లు. కెనడాలోని కాల్గరీలో, ప్రాజెక్టు పెద్ద థియో డి రాట్ ఇంటి కింది గదిలో ర్యాకుల నిండా మెషీన్లు. డబ్బు రాకపోతే దుకాణం కట్టేయాల్సిందేనని 2014 జనవరిలో దాచకుండానే చెప్పారు. వీళ్ల పేరు వినకపోయినా వీళ్ల పని మనందాకా వచ్చింది. దూరాన ఉన్న సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అవడానికి నాలాంటి ఉద్యోగులు రోజూ వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లదే. దాన్ని ఊరికే వాడుకునే కంపెనీల లాభాల పక్కన ఆ బిల్లు చిల్లర.

ఆ మెషీన్లు చేసే పనిని బిల్డ్ అంటాం. బెజవాడవాణ్ని కాబట్టి ప్రెస్సు భాషలో చెప్తాను. మనిషి రాసిన కోడ్ రాతప్రతి. దాన్ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చడం అచ్చువేయడం. రచయిత పారితోషికం వద్దన్నా కాగితం, కంపోజింగ్ ఊరికే రావు కదా. పైగా ఇక్కడ ఒక్క వాక్యం మారినా మళ్లీ అచ్చువేసి, మళ్లీ ప్రూఫులు దిద్దాలి. ప్రాసెసర్ రకం మారితే దానికి వేరే అచ్చు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లది ఇంకో పట్టుదల: ఏ రకం మెషీన్ కోసమైతే ఆ రకం మెషీన్ మీదే బిల్డ్ చేస్తారు. పాత డబ్బాలు తీసేయండి, ఎమ్యులేటర్లు వాడుకోండి అని చాలామంది చెప్పారు. (సలహాకి కరెంటు ఖర్చవదు.) కొత్త మెషీన్ల మీద బయటపడని తప్పుల్ని పాతవి పట్టిస్తాయన్నది వాళ్ల జవాబు. నాకు అందులో న్యాయం కనిపిస్తుంది.

చివరికి రొమేనియాకి చెందిన ఒక బిట్‌కాయిన్ వ్యాపారి ఆ 20,000 డాలర్లూ ఇచ్చాడు. వార్తలు అక్కడితో ఆగిపోయాయి. మరి మరుసటి ఏడాది?

ఈ ప్రశ్నకి మనవైపు ఎప్పుడో రాతి మీద జవాబు చెక్కి పెట్టారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. 11, 12 శతాబ్దాల నాటివాటిలో చాలావరకు అఖండదీపానికి ఇచ్చిన దానాలే. దీపం అంటే ప్రమిద కాదు, రోజూ దాంట్లో పోసే నెయ్యి. కానీ దాత నెయ్యి ఇవ్వడు. 50 గొర్రెలో, 25 ఆవులో, అలా జీవాలను ఇస్తాడు. వాటిని ఫలానా బోయకు అప్పగిస్తారు. అతనూ, అతని సంతానమూ రోజుకి మానెడు నెయ్యి చొప్పున గుడికి పోస్తూ ఉండాలి, ఆచంద్రార్కం. ఇలాంటి మందని తమిళ శాసనాలు ‘సావా మూవా పేరాడు’ అంటాయి: చావని, ముసలివి కాని గొర్రెలు. గొర్రె చస్తుంది, పిల్లలు పుడతాయి, మంద లెక్క మాత్రం తగ్గకూడదు. ఇచ్చింది ఒకసారే అయినా దీపం రోజూ వెలిగే ఏర్పాటు అది. శాసనంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ బోయ పేరు ఉండడం. సర్వర్ దానమిచ్చిన కంపెనీ లోగో ప్రతి ప్రాజెక్టు పేజీలోనూ కనిపిస్తుంది. అర్ధరాత్రి లేచి దాన్ని రీస్టార్ట్ చేసేవాడి పేరు ఎక్కడుంది? అలాగని ఆ ఏర్పాటుని మరీ మెచ్చుకోలేను. పుణ్యం దాతది, చాకిరీ బోయది, అతని పిల్లలది, వాళ్ల పిల్లలది.

మా ఊరి శాసనం ఇంకో సంగతి చెప్తుంది. 10వ శతాబ్దంలో యుద్ధమల్లుడు బెజవాడలో కుమారస్వామి గుడి గురించి పద్యాల్లో వేయించిన శాసనంలో, మఠంలో గొరగలు తప్ప ఇతరులు ఉండరాదని కట్టడి ఉంది. ఇవాళ్టి మాటల్లో యూసేజ్ పాలసీ. ఉచిత బిల్డ్ సర్వర్లలో దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ పెట్టినవాళ్లని చూశాక ఆ కట్టడి ఎందుకో అర్థమైంది. ఓపెన్‌బీఎస్‌డీని గట్టెక్కించింది కూడా బిట్‌కాయిన్ డబ్బేనన్నది వేరే సంగతి.

తెలుగు సాఫ్ట్‌వేర్ కూడా ఇలా ఇంకొకరి పంచన బతికిందే. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు తలో ఫాంటూ వాడేవి. ఒకదాని అక్షరాలు ఇంకోదానికి అర్థమయ్యేవి కావు. వాటన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపించే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ‘పద్మ’ని నాగార్జున వెన్న రాశారు. అది మొజ్‌డెవ్ అనే ఉచిత సర్వర్ మీద ఉండేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లని ఆపేసింది. 2020లో మొజ్‌డెవ్ మూతపడింది. పద్మ కోడ్ ఓపెన్ కాబట్టి, అప్పటికే దాని ఆధారంగా వీవెన్ ‘లేఖిని’ కట్టారు కాబట్టి, గూడు పోయినా పిట్ట మిగిలింది.

2025 జనవరిలో ఆల్పైన్ లినక్స్ వంతు. డాకర్ వాడే ప్రతి ఆఫీసులోనూ ఎక్కడో ఒకచోట ఉండే బుల్లి లినక్స్ అది. దాని బిల్డ్ పరీక్షలకీ, డౌన్‌లోడ్లకీ ఈక్వినిక్స్ కంపెనీ ఏళ్ల తరబడి మెషీన్లు ఊరికే ఇచ్చింది. తర్వాత ఆ మెషీన్లు అద్దెకిచ్చే వ్యాపారాన్నే మూసేస్తానంది. ఆల్పైన్ వాళ్లు మళ్లీ జోలె పట్టారు. దాత మీద కోపం తెచ్చుకోవడానికేం లేదు, అన్నేళ్లు ఇచ్చారు. కాకపోతే అది నెయ్యి. మంద ఎప్పుడూ వాళ్ల దొడ్లోనే ఉంది.

ఇదంతా తవ్వడానికి కారణం ఉంది. మేం ముగ్గురం సాయంత్రాలు కూర్చుని తెలుగు అక్షరదోషాలు పట్టే ఒక చిన్న టూల్ రాస్తున్నాం. దాని బిల్డ్ ఇప్పుడు భవానీపురంలో మా మేడమీది గదిలో పాత డెస్క్‌టాప్ మీద నడుస్తోంది. మే నెలలో ఆ గదిలో మనిషే ఉండలేడు, ఇక మెషీన్ సంగతి చెప్పేదేముంది. అందుకని సర్వర్ అడుగుతూ రెండు మూడు సంస్థలకి ఉత్తరం రాస్తున్నాం. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ అనేది అందులో కిందెక్కడో ఉంటుంది. పైన, ఎన్నేళ్లు ఇస్తారు, ఆపేసే ముందు ఎన్ని నెలలు ముందుగా చెప్తారు అని అడిగాం. దాని మీద మా టూల్ తప్ప ఇంకేదీ నడపబోమని కట్టడి కూడా రాసుకున్నాం. మెషీన్ చూసుకునే బాధ్యులు అన్నచోట రెండు పేర్లకి జాగా వదిలాం. ఒకటి నాది. ఇద్దరు మిత్రుల్లో ఒకరు ఉద్యోగం మారుతున్నారు, ఇంకొకరికి చంటిబిడ్డ. రెండో జాగా ఇంకా ఖాళీగానే ఉంది.