ఒకే పక్కకు కొమ్మలు చాచిన చెట్లు

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

జపాన్‌లో వకాయామా కొండల్లో నొనాకా అని ఒక పల్లె. కుమానో క్షేత్రాలకు యాత్రికులు నడిచిపోయే పాత దారి ఆ ఊరి మీదుగానే పోతుంది. దారి పక్కన మెట్లెక్కితే త్సుగిజకురా ఓజి అనే చిన్న షింతో గుడి. గుడిలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, మన పోలేరమ్మ గుడి అంత. షింతో పద్ధతిలో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగి దణ్ణం పెడతారు.

చూడాల్సింది చెట్లని. సుగి చెట్లు, వందల ఏళ్లవి, నలుగురు చేతులు కలిపినా మొదలు చుట్టూ అందదు. ఉత్తరాన కొండ అడ్డం కాబట్టి కొమ్మలన్నీ ఎండ కోసం దక్షిణానికే సాగాయి. అటువైపే నాచి జలపాతం ఉంది, దాన్ని తలుచుకునే అలా చాచాయని నమ్మకం. కింద ఊట ఉంది, ఆ నీళ్లకి ఊరికి మించిన పేరు.

ఆ చెట్లు ఇప్పుడు పదికి లోపే. ఎందుకంటే 1906లో జపాన్ ప్రభుత్వం, చిన్న గుళ్లకు ఆదాయం లేదు, వాటిని పెద్ద గుళ్లలో కలిపేయండి అని ఆదేశం ఇచ్చింది. కొన్నేళ్లలో దేశంలో దాదాపు 70 వేల గుళ్లు పోయాయి. గుడి పోతే దాని తోపు ఎవరిది? గొడ్డలిది. కలప అమ్ముకున్నారు. ముసలోళ్లు దేవుడికి మొక్కాలంటే కోసుల దూరం నడవాల్సొచ్చింది. ఈ గుడినీ కలిపేశారు, చెట్లు కొట్టడం మొదలైంది.

అడ్డం పడ్డది మినకత కుమగుసు అనే పండితుడు. లండన్ మ్యూజియంలో ఏళ్ల తరబడి చదువుకున్నవాడు, నాచు, బూజు లాంటి జీవుల మీద పరిశోధన ఆయనది. 1910లో ఒక సభలోకి చొరబడి రభస చేసి 18 రోజులు జైల్లో ఉన్నాడు. ఆయన వాదన మనకు అర్థమయ్యేదే. తోపు కొడితే పిట్టలు పోతాయి, పిట్టలు పోతే పురుగు పెరిగి పైరు తింటుంది, ఆ ఖర్చు రైతు మీదే పడుతుంది. మందు డబ్బాల కాలానికి ముందే అన్న మాట ఇది! మా గట్టు మీద తుమ్మలు కొట్టించాక గోరింకలు రావడం మానేసిన సంగతి నాకు గుర్తొచ్చింది.

నొనాకాలో చాలా చెట్లు అప్పటికే పడిపోయాయి. మిగిలినవి ఆయన పోరాటం వల్లే నిలిచాయి. 1920లో పై సభ ఈ కలపడం పనికిరాదని తీర్మానించింది.