భాగం - 9 : పెంపకందారుల ప్రోత్సాహక నిధి - ఆర్థిక పర్యవేక్షణ : బ్రీడర్స్ కప్ చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :
* బ్రీడర్స్ కప్ సంస్థకు నిధులు సమకూరిన విధానాన్ని వివరించగలుగుతారు.
* నిధుల పంపిణీపై తలెత్తిన వివాదాలకు కారణాలు చెప్పగలుగుతారు.
* లాభాపేక్ష లేని సంస్థలపై పర్యవేక్షణ ఏయే అంచెలలో జరుగుతుందో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

వ్యాపార సంస్థ పద్దులను దాని వాటాదారులు అడుగుతారు. ప్రభుత్వ శాఖ ఖర్చును చట్టసభ ప్రశ్నిస్తుంది. లాభాపేక్ష లేని సంస్థకు వాటాదారులు ఉండరు. అది మిగులును ఎవరికీ లాభంగా పంచరాదు. మరి పలువురు చెల్లించిన సొమ్ముతో నడిచే అటువంటి సంస్థను ఎవరు ప్రశ్నించాలి? ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి అమెరికాలో పందెపు గుర్రాల పెంపకందారులు ఏర్పాటు చేసుకొన్న బ్రీడర్స్ కప్ లిమిటెడ్ చరిత్ర బాగా ఉపకరిస్తుంది.

9.2 నిధి సమీకరణ

కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ ప్రాంతంలో గెయిన్స్‌వే అశ్వక్షేత్రానికి యజమాని అయిన జాన్ ఆర్. గెయిన్స్ 1982 ఏప్రిల్‌లో ఈ పథకాన్ని ప్రకటించారు. సంవత్సరాంతంలో ఒకే రోజున భారీ బహుమతులతో పందేలు నిర్వహించి ప్రజల ఆసక్తిని పెంచడం, తద్వారా పెంపకానికి ప్రోత్సాహం కల్పించడం దీని ఉద్దేశం.

నిధికి ప్రధాన ఆధారం నామినేషన్ రుసుములు. ఇవి రెండు రకాలు. మొదటిది, సంతానోత్పత్తికి ఉంచిన మగ గుర్రం యజమాని ఏటా చెల్లించేది. ఒక ఆడ గుర్రాన్ని చూలు కట్టించడానికి అతడు వసూలు చేసే స్టడ్ ఫీజు ఎంతో, ఈ రుసుము కూడా అంతే. రెండవది, ఆ గుర్రానికి పుట్టిన పిల్లను నమోదు చేయించడానికి ఒకేసారి చెల్లించేది. ప్రారంభంలో ఇది 500 డాలర్లు. ఈ రెండూ చెల్లించిన గుర్రానికి పోటీలో పాల్గొనే అర్హత లభిస్తుంది.

ఇంగ్లండులో 1961 నాటి బెట్టింగ్ లెవీ చట్టం పందేలు కట్టించుకొనే బుక్‌మేకర్ల నుంచి సొమ్మును నిర్బంధంగా వసూలు చేసే ఏర్పాటు చేసింది. అమెరికా పథకంలో అటువంటి నిర్బంధం లేదు. పెంపకందారు స్వచ్ఛందంగా చెల్లించాలి. కాబట్టి అతని నమ్మకం పోతే నిధి కూడా పోతుంది.

9.3 పంపిణీపై వివాదం

సొమ్ములో అధిక భాగాన్ని ఒక్క రోజు పందేలకే వినియోగించాలన్న ఆలోచనకు మొదట్లోనే వ్యతిరేకత ఎదురైంది. చిన్న పెంపకందారు గుర్రం ఆ రోజు బరిలో నిలిచే అవకాశం చాలా తక్కువ. 500 డాలర్లు అందరూ చెల్లిస్తే, ఫలితం కొద్ది మందికే దక్కుతుందన్నది వారి అభ్యంతరం. చివరకు రాజీ కుదిరింది. నిధిలో కొంత సంవత్సరాంతపు పోటీలకు, కొంత దేశంలోని వివిధ మైదానాలలో ఏడాది పొడవునా జరిగే స్టేక్స్ పందేలకు అదనపు బహుమతిగా కేటాయించారు. ఐక్యత కోసం గెయిన్స్ నాయకత్వ స్థానం నుంచి తప్పుకొన్నారు.

9.4 నియమాలకు తొలి పరీక్ష

మొదటి పోటీలు 1984 నవంబరు 10న కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్క్‌లో జరిగాయి. ఏడు పందేలకు కలిపి బహుమతి మొత్తం కోటి డాలర్లు. ప్రధాన పందెమైన క్లాసిక్‌కు 30 లక్షల డాలర్లు. ఆ పందెంలో గెలిచిన వైల్డ్ అగైన్ నామినేషన్ లేని గుర్రం. బరిలో దిగడానికి దాని యజమానులు 3,60,000 డాలర్ల అదనపు రుసుము చెల్లించారు. అది మొత్తం బహుమతిలో 12 శాతం. వారికి లభించిన మొదటి బహుమతి 13.5 లక్షల డాలర్లు.

ముందుగా చెల్లించని వారికి ద్వారం పూర్తిగా మూస్తే పోటీ స్థాయి తగ్గుతుంది. చవకగా తెరిస్తే ముందుగా ఎవరూ చెల్లించరు. అందువల్ల ఈ రుసుమును భారీగా నిర్ణయించారు. నిధిని కాపాడడంలో నియమాల రూపకల్పన కూడా ఒక భాగమని దీనివల్ల తెలుస్తుంది.

9.5 పర్యవేక్షణ అంచెలు

మొదటి అంచె డైరెక్టర్ల బోర్డు. బడ్జెట్‌ను ఆమోదించవలసింది, ఆడిట్ నివేదికను పరిశీలించవలసింది బోర్డే. అయితే బోర్డు సభ్యులలో పెంపకందారులు కూడా ఉంటారు. తమకు మేలు చేసే నిర్ణయాలు తామే తీసుకొనే ప్రమాదం ఇక్కడ ఉంది.

రెండవ అంచె చట్టం. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన ఇటువంటి సంస్థలు ఏటా ఫారం 990 సమర్పించాలి. దానిని ప్రజలు చూడవచ్చు. ఆదాయ వ్యయాలు, ముఖ్య అధికారుల జీతాలు అందులో ఉంటాయి. 2008లో ఈ ఫారాన్ని సవరించి, ప్రయోజనాల సంఘర్షణను నివారించే విధానం ఉందా అన్నటువంటి పాలనాపరమైన ప్రశ్నలు చేర్చారు.

మూడవ అంచె సొమ్ము చెల్లించినవారు. 2006 నుంచి నామినేషన్ చెల్లించినవారే సభ్యులను ఎన్నుకొనే పద్ధతి వచ్చింది. ఓట్ల సంఖ్య చెల్లించిన రుసుమును బట్టి ఉంటుంది. కనుక చిన్నవారి స్వరం వినిపించినా, పెద్ద అశ్వక్షేత్రాల బలం తగ్గలేదు.

9.6 2008 సంక్షోభం

ఆర్థిక మాంద్యం వల్ల 2008 చివరలో బోర్డు మరుసటి ఏడాది స్టేక్స్ కార్యక్రమాన్ని నిలిపివేయాలని నిర్ణయించింది. 1982 నాటి రాజీని ఇది భంగపరిచిందని పెంపకందారులు నిరసించారు. బోర్డు తన నిర్ణయాన్ని పునఃపరిశీలించవలసి వచ్చింది.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. సొమ్ము పద్దులలో చూపినట్లే ఖర్చయిందా అన్నది ఆడిట్ తేలుస్తుంది. ఆ ఖర్చు న్యాయమైనదా అన్నది ఆడిట్ చెప్పలేదు. ఆ ప్రశ్న వేయవలసింది చెల్లించినవారే. ఉత్తర అమెరికాలో 1986లో 51 వేలకు పైగా పుట్టిన మేలుజాతి గుర్రపు పిల్లల సంఖ్య తరువాతి దశాబ్దాలలో సగానికంటే తక్కువకు పడిపోయింది. పిల్లలు తగ్గితే రుసుములు తగ్గుతాయి. రాబడి తగ్గేకొద్దీ పంపిణీపై తగవు తీవ్రమవుతుంది.

9.7 సారాంశం

బ్రీడర్స్ కప్ నిధి స్వచ్ఛంద రుసుములపై ఆధారపడింది. బోర్డు, చట్టం, చెల్లింపుదారులు అనే మూడు అంచెలలో ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు. చట్టం బయటపెట్టిన లెక్కలను చదివి ప్రశ్నించేవారు ఉన్నప్పుడే పర్యవేక్షణ సార్థకమవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నామినేషన్ రుసుములు ఎన్ని రకాలు? అవి ఏవి?
2. వైల్డ్ అగైన్ యజమానులు అదనపు రుసుము ఎందుకు చెల్లించారు?

మాదిరి పరీక్షా ప్రశ్న

ఆడిట్‌కు, చెల్లింపుదారుల పర్యవేక్షణకు గల తేడాను 2008 సంక్షోభం ఆధారంగా చర్చించండి.