మహీంద్రా జీపు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యము కొరకు రూపొంది, స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో బొంబాయి నగరమునకు విడిభాగములుగా దిగుమతియై, క్రమక్రమముగా స్వదేశమునందే సంపూర్ణముగా నిర్మితమైన చిన్న మోటారు వాహనము మహీంద్రా జీపు. నాలుగు చక్రములకును యంత్రశక్తి నందించుకొనగల ఏర్పాటు ఉండుటచే ఇది రాళ్లు, ఇసుక, బురద, వాగులు అడ్డుపడిన చోట్లను గూడ దాటిపోగలదు. తారురోడ్లు పడుటకు పూర్వమే గ్రామసీమలకును అడవులకును చేరిన వాహనమగుటచే, స్వతంత్ర భారతమున పరిపాలనము, వైద్యము, వ్యవసాయ విజ్ఞానము పల్లెలకు నడచిన చరిత్రలో దీనికి విశిష్ట స్థానము కలదు. విప్పి చూచి, తెలిసికొని, బాగుచేసికొనుటకు వీలైన నిర్మాణమే దీని దీర్ఘాయువునకు మూలకారణము.

జన్మవృత్తాంతము

1940వ సంవత్సరమున ఐరోపా యుద్ధము నానాటికి విస్తరించుచుండగా, గుఱ్ఱములకును, పక్కబండి గల మోటారు సైకిళ్లకును బదులుగా ముందువరుస సైనికులకు ఉపకరింపగల తేలికైన వాహనము కావలెనని అమెరికా సైన్యము నిశ్చయించి, జూలై 11వ తేదీన 135 సంస్థలకు ఆహ్వానములు పంపెను. తొలి నమూనాను 49 దినములలో సమర్పింపవలెనను నిబంధన మిక్కిలి కఠినమైనది; ఆ గడువునకు కట్టుబడి నిలిచినది పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లరు పట్టణమునందలి అమెరికన్ బాంటమ్ అను చిన్న సంస్థ యొక్కటియే. కార్ల్ ప్రోబ్‌స్ట్ అను ఇంజనీరు గీసిన పటముల ననుసరించి తయారైన ఆ నమూనా సెప్టెంబరు 23వ తేదీన సైన్యమునకు చేరి, పరీక్షలలో మెప్పు పొందెను.

అయినను బాంటమ్ సంస్థకు పెద్ద సంఖ్యలో వాహనములను నిర్మించు శక్తి లేదని శంకించిన సైన్యాధికారులు, దాని పటములను విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డ్ సంస్థలకు గూడ చూపి వారిచేతను నమూనాలు చేయించిరి. డెల్మార్ రూస్ తీర్చిదిద్దిన 60 అశ్వశక్తి గల పెట్రోలు యంత్రము తక్కినవానికంటె బలిష్ఠమగుటచే 1941లో విల్లీస్ నమూనా ఎంపిక కాగా, ముందుభాగమున ఉక్కురేకును చీలికలుగా అదిమి చేసిన జాలీ వంటి మెళకువలు ఫోర్డ్ నుండి వచ్చి చేరినవి. ఇట్లు మువ్వురి కృషియు కలిసిన ఈ వాహనమును విల్లీస్, ఫోర్డ్ సంస్థలు యుద్ధాంతమునకు ఆరు లక్షలకు పైగా నిర్మించెను. శాంతికాలమున దానిని రైతులకు అమ్మదలచి విల్లీస్ సంస్థ 1945లో సీజే-2ఏ అను పౌర నమూనాను ఓహైయో రాష్ట్రమున టొలీడో నగరమునందు తయారు చేయ మొదలిడెను; నాగలి లాగుటకును, పట్టా తగిలించి యంత్రములను త్రిప్పుటకును అది పనికివచ్చునని ప్రకటించెను.

భారతదేశమునకు రాక

యుద్ధకాలమున అస్సాము, బెంగాలు ప్రాంతములలో విడిసిన అమెరికా సేనలతో తొలి జీపులు ఈ దేశమునకు వచ్చినవి. యుద్ధము ముగిసిన పిదప మిగులు సరుకుగా వేలము వేయబడిన వానిని తోటల యజమానులును, గుత్తేదారులును కొనిరి. ఆ వాహనముయొక్క ప్రయోజనమును దూరదృష్టితో గుర్తించినవారు జగదీశ్ చంద్ర, కైలాస్ చంద్ర మహీంద్రా సోదరులు. వారు మాలిక్ గులాం మొహమ్మద్‌తో కలిసి 1945 అక్టోబరు 2వ తేదీన మహీంద్రా అండ్ మొహమ్మద్ అను పేర ఉక్కు వ్యాపారసంస్థను స్థాపించిరి. యుద్ధకాలమున వాషింగ్టనునందలి భారత సరఫరా సంఘమునకు అధిపతిగా నుండిన కైలాస్ చంద్ర అమెరికా పరిశ్రమలను సన్నిహితముగా ఎఱిగినవాడు. దేశవిభజన సమయమున గులాం మొహమ్మద్ పాకిస్తానునకు వెడలి, ఆ దేశపు తొలి ఆర్థికమంత్రియు, పిదప గవర్నరు జనరలును అయ్యెను. ఇచట 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది.

1947లో విల్లీస్ సంస్థ నుండి పొందిన అనుమతితో, ఆ దశాబ్దము ముగియకముందే బొంబాయియందలి మజగాఁవ్‌లో జీపుల కూర్పు మొదలయ్యెను. ఆరంభమున అమెరికా నుండి పెట్టెలలో వచ్చిన భాగములను బిగించుటయే ఇచటి పని. అనంతరము 1950ల నడుమ నుండి కొంతకొంతగా భాగములను దేశమునందే చేయుట సాగి, కాందివలి కర్మాగారము ఆ పరిశ్రమకు ముఖ్యకేంద్రమైనది. ఎత్తైన బానెట్టు గల సీజే-3బీ నమూనా అమెరికాలో 1953 నుండి 1968 వరకు మాత్రమే వెలువడగా, దాని భారతీయ రూపములు ఇచట దశాబ్దముల తరబడి కొనసాగుట గమనింపదగిన విషయము. విదేశీ మారకద్రవ్యము కొరవడిన ఆ కాలమున, ఒక్కొక్క భాగమును స్వదేశమున చేయనేర్చుట నిరాడంబరమైన జాతీయకార్యమే యనవలెను.

నిర్మాణము, నడక

నిచ్చెన ఆకారమున ఉక్కుకమ్మీలతో కూర్చిన చాసీ జీపునకు వెన్నెముక. దానికి దిగువను, ముందువెనుకల, గట్టి ఇరుసులు కమాను కట్టలపై ఆనియుండును. తొలి జీపులలో ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 80 అంగుళములు మాత్రమే యగుటచే, ఇరుకు మలుపులలోను, ఎగుడుదిగుడు గట్లపైనను పొట్ట నేల తగులకుండ ఇది తిరుగగలదు. రేకుతో చేసిన తొట్టివంటి శరీరము, ముందుకు మడచుటకు వీలైన అద్దము, విప్పి చుట్టిపెట్టదగిన కాన్వాసు టాపు, కూర్చుండుటకు చాలునంతటి వెడల్పు గల చదునైన మడ్గార్డులు దీని బాహ్యలక్షణములు.

సాధారణపు గేరు కఱ్ఱ ప్రక్కన ఉండు అదనపు కఱ్ఱలు దీని ప్రత్యేకత. గేరుపెట్టె వెనుకనున్న మరియొక పెట్టె యంత్రశక్తిని ముందు ఇరుసునకు గూడ పంచును. అందలి తక్కువ గేరు వేగమును తగ్గించి లాగు బలమును పెంచును. నిటారైన ఎక్కుడున గాని, బురదలో గాని ఈ గేరున పోవు జీపు మనుష్యుడు నడచునంత నెమ్మదిగా, యంత్రము ఆగకుండ సాగగలదు. దిగుడులలో అదే గేరు బ్రేకుల శ్రమను తగ్గించును. ముందు ఇరుసును వెనుక ఇరుసునకు నేరుగా కలుపు ఏర్పాటగుటచే, మలుపులో ముందు చక్రములకును వెనుక చక్రములకును ఏర్పడు వేగభేదమును టైర్లు నేలపై జాఱుటయే సర్దుబాటు చేయవలెను. కావున పొడిగా నున్న తారురోడ్డుపై నాలుగు చక్రములను కలిపి నడపినయెడల గేర్లు బిగిసి, టైర్లు అరిగి, ఇరుసులు దెబ్బతినును. ఈ నియమము తెలియకపోవుటయే క్రొత్త యజమానులకు ఎక్కువ నష్టము కలిగించినది.

తొలి జీపులు పెట్రోలుతో నడచినవి. ఇంధనపు వెల పెరిగిన కాలమున, ట్రాక్టరులకై ఉద్దేశించిన డీజిలు యంత్రములును, అటుపిమ్మట ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ అనుమతితో చేసిన డీజిలు యంత్రములును అమరినవి. 1980లలో వచ్చిన ఎంఎం-540 ఈ ప్యూజో యంత్రముతోనే పేరుపొందెను. వేగము స్వల్పమే యైనను తక్కువ తిరుగుడులోనే లాగు బలము చూపుటచే, కొండసీమల యజమానులు దీనిని నేటికిని వెదకి కొనుచున్నారు.

రాజ్యసేవ

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైనది మొదలు బ్లాకు అభివృద్ధి అధికారి, జీపు విడదీయరాని జంట యయ్యెను. విత్తనములు, ఎరువులు, బోధనచిత్రములు, మలేరియా నివారణకై చల్లు మందులు, టీకాలు ఈ వాహనముపైననే పల్లెలు చేరినవి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు యూనిసెఫ్ సంస్థ జీపులను ఒసగి తోడ్పడెను. తహసీలుదారు, పోలీసు, అటవీశాఖల అధికారులకును ఇదియే వాహనమగుటచే, జీపు చప్పుడు వినబడినంతనే ప్రభుత్వము వచ్చినదని పల్లెవాసులు గ్రహించెడివారు. ఆ రాక ఆశను కలిగించిన సందర్భములును, భయమును కలిగించిన సందర్భములును గలవు.

సైన్యమున దీని సేవ అంతకంటె ప్రసిద్ధము. 1965 సెప్టెంబరు 10వ తేదీన ఖేమ్‌కరణ్ ప్రాంతమునందలి అసల్ ఉత్తర్ రణరంగమున, జీపుపై అమర్చిన ట్యాంకు విధ్వంసక ఫిరంగితో శత్రువుల ట్యాంకుల నెదిరించి వీరమరణము పొందిన అబ్దుల్ హమీద్‌కు మరణానంతరము పరమవీర చక్రము లభించెను. కవచము లేని చిన్న వాహనము మహాయంత్రముల నెదుర్కొనిన ఆ సాహసము జీపు చరిత్రలో చిరస్మరణీయము.

తెలుగునాట జీపు

బస్సు పోజాలని బాటలలో తెలుగువారికి జీపు ప్రజావాహనముగా నెలకొన్నది. విశాఖ మన్యమునందు సంతలకు పోవు గిరిజనులను, వారి పసుపు, చింతపండు మూటలను కమాండరు అను నమూనా జీపులు చిరకాలము మోసినవి. బొర్రా గుహల చేరువనున్న కటికి జలపాతమునకు యాత్రికులు నేటికిని జీపులపైననే పోవుదురు. నల్లమల అడవులలో అహోబిలమునందలి పావన నరసింహ క్షేత్రమునకును, శ్రీశైల సమీపమునందలి ఇష్టకామేశ్వరీ ఆలయమునకును రాళ్లబాటపై భక్తులను చేర్చునవి జీపులే. కుదుపులకు లోనైనను, నడువలేని వృద్ధులకు దైవదర్శనమును సులభము చేయుటచే ఈ జీపుల చోదకులు యాత్రికుల ఆదరమునకు పాత్రులైరి.

మరమ్మతు విద్యలో విజయవాడ ఆటోనగరు ఈ వాహనమునకు గొప్ప ఆలంబనము. మహీంద్రా సంస్థకు తెలంగాణమునందును స్థానము కలదు: హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారముతో జహీరాబాదున నెలకొల్పిన తేలిక వాణిజ్య వాహనముల కర్మాగారము 1980ల చివర మహీంద్రా చేతికి వచ్చి, కాలక్రమమున ట్రాక్టరుల తయారీకి కేంద్రమైనది.

యజమానుల అనుభవము

జీపును కొనుటకంటె దానిని నిలుపుకొనుట నేర్పుతో కూడిన పని. పాత జీపును కొనదలచినవాడు రంగును గాక చాసీని చూడవలెను. కమాను కట్టలు తగులుకొను చోట్ల పగుళ్లు, అతుకులు ఉన్నవా, కాళ్ల క్రింది రేకు తుప్పుపట్టినదా, స్టీరింగునందు ఆట యెంత యున్నది యను విషయములను పరీక్షింపవలెను. జీపులన్నిటికిని నాలుగు చక్రముల చోదనము లేదు. వెనుక చక్రములతో మాత్రమే నడచునవియు విరివిగా అమ్ముడుపోయినవి. కొందరు ముందు ఇరుసు భాగములను తీసివేయించిరి. కావున మెత్తని నేలపై పరీక్షించి చూడక నమ్మరాదు. యంత్రపు సంఖ్యయు, చాసీ సంఖ్యయు రిజిస్ట్రేషను పుస్తకముతో సరిపోవుట మిక్కిలి ముఖ్యము; తయారీదారుని మూలనిర్మాణమునకు విరుద్ధముగా మార్చిన వాహనములను నమోదు చేయరాదని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పియున్నది.

గ్రీజు కొట్టించుట యజమాని తొలి ధర్మము. ప్రొపెల్లరు షాఫ్టునందలి క్రాసులు, కమాను కట్టల షాకిళ్లు, ముందు చక్రముల బేరింగులు గ్రీజు లేకున్న త్వరలోనే అరిగి, బండి ఒక వేగమున గజగజ వణకసాగును. వాగు దాటిన పిదప డ్రమ్ము బ్రేకులు తడిసి పట్టు తప్పును గనుక, మెల్లగా నడపుచు బ్రేకును పలుమారులు అదిమి ఆరబెట్టుకొనవలెను. ఇరుసునందలి నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గ్రహించి వెంటనే మార్పింపవలెను.

ఈ వాహనముయొక్క లోపములును స్పష్టముగా చెప్పదగినవి. వానకాలమున జల్లు ప్రక్కలనుండి లోనికి కొట్టును; ఎండకాలమున యంత్రపు వేడి కాళ్లను మాడ్చును; దూరప్రయాణము నడుమునకు శిక్ష. ఇరుసుల నడుమ దూరము తక్కువగుటచేతను, ఎత్తు ఎక్కువగుటచేతను వేగముగా మలుపు తిరిగిన బోల్తాపడు ప్రమాదము కలదు. పాత నమూనాలలో ప్రయాణికులకు రక్షణ అత్యల్పము. పరిమితికి మించి జనులను ఎక్కించి, వెనుక మెట్టుపైనను నిలువబెట్టి నడపిన సర్వీసు జీపుల వలన అనేక కుటుంబములు దుఃఖము పాలైనవి. ఈ దోషమున కొంత వాహనముది, అధికభాగము లోభముది.

అయినను యజమానులు జీపును విడువకుండుటకు కారణము దాని సరళత. బానెట్టు ఎత్తినంతనే యంత్రమంతయు కంటికి కనబడును, చేతికి అందును. సామాన్యమైన పానాలతో చెట్టునీడన గేరుపెట్టెను దింపగల మెకానిక్కులు చిన్న ఊళ్లలో గూడ ఉండిరి. ఒక నమూనా భాగములు మరియొకదానికి పలుచోట్ల సరిపోవుటచే, నలిగిన జీపు మరొక జీపునకు ప్రాణము పోయును. హర్యానా రాష్ట్రమునందలి మండీ డబ్వాలీ పట్టణము ఇట్టి పునర్నిర్మాణమునకే పేరుపొందినది.

తరువాతి రూపములు

2000లో వచ్చిన బొలేరో జీపు గుణములను మూసియున్న శరీరమునందు నిలిపి, పోలీసు శాఖకును రైతుకును ప్రీతిపాత్రమైనది. 2002లో వెలువడిన స్కార్పియో, ఇంజనీరు పవన్ గోయెంకా నాయకత్వమున సంస్థ స్వయముగా రూపకల్పన చేసిన వాహనము. జీపు ఆకారమును నేరుగా అనుసరించి 2010లో థార్ వచ్చినది. 2020 అక్టోబరు 2వ తేదీన విడుదలైన రెండవ థార్ గ్లోబల్ ఎన్‌క్యాప్ వాహనరక్షణ పరీక్షలో నాలుగు నక్షత్రములు పొంది, పూర్వపు రక్షణలోపమును చాలవరకు తీర్చెను. మహీంద్రా అమెరికాలో అమ్మిన రాక్సర్ అను వాహనపు ఆకృతిపై జీపు నామమునకు స్వామియైన సంస్థ వ్యాజ్యెము వేయగా, 2020లో మహీంద్రా ఆ ఆకృతిని మార్చవలసి వచ్చెను. నూతన వాహనములు సుఖమును, రక్షణను ఇచ్చుచున్నను, వాని మరమ్మతు కంప్యూటరు గల పెద్ద షెడ్డులకే పరిమితమైనది.

కర్తవ్యము

పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి రద్దగుటచే, కార్యాలయముల ఆవరణలలో మిగిలిన పాత జీపులు తుక్కుగా మారుచున్నవి. పొగయు, ప్రమాదమును తగ్గించుటకు ఆ నియమము అవసరమే. కాని ప్రతి జిల్లాయందును ఒక్క జీపునైనను ప్రదర్శనశాలలో భద్రపరచుటయు, దాని ప్రతి మరను ఎఱిగిన వృద్ధ మెకానిక్కుల విద్యను వారు జీవించియుండగనే గ్రంథస్థము చేయుటయు ప్రభుత్వముల, విశ్వవిద్యాలయముల, జీపు యజమానుల ఉమ్మడి కర్తవ్యము.