ధాత కరవు – ఒంగోలు కాలువపని: క్రైస్తవ పరిచర్యలో ఒక ఘట్టము

తెలుగుదేశమందలి క్రైస్తవ మిషనుల చరిత్రను గూర్చి పలికినవారు సామాన్యముగా రెండు తెగలుగా నున్నారు. ఆకలిగొన్నవారికి అన్నము చూపి మతము మార్చిరని కొందరి వాదము. దైవప్రేరణ చేతనే జనులు తండోపతండములుగా వచ్చిరని మరికొందరి విశ్వాసము. ఈ యుభయపక్షములవారును చూపు నిదర్శనము తరచుగా ఒక్కటియే. అది 1876-78 నాటి మహాక్షామము తుదిని, 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది పొందిన బాప్తిస్మము. ఈ సంఖ్య ప్రసిద్ధము. దానికి ముందు గడచిన 15 నెలల వృత్తాంతము అంత ప్రసిద్ధము కాదు. ఆ 15 నెలల నడవడిని విచారించిన పిదపనే ఆ సంఖ్య కర్థము చెప్పవలెనని మా తలంపు.

క్షామమునకు ముందున్న స్థితిని మొదట గమనింపవలెను. అమెరికను బాప్టిస్టు మిషను తెలుగువారి నడుమ 1836లో సామ్యూల్ డే రాకతో ఆరంభమై, 1840లో నెల్లూరిలో నెలకొన్నది. ఏండ్లు గడచినను ఫలము స్వల్పమే యగుటచే దానిని విడిచిపెట్టుదుమా యను చర్చ స్వదేశమున పలుమారు జరిగినది. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు చేరి, మరుసటియేడు ఒంగోలునకు వచ్చెను. అచటి సంఘము 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో ఏర్పడినది. తలకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ భక్తుడు అంతకుమున్నే క్రైస్తవమును స్వీకరించియుండెను. పేరయ్య తోళ్ల వర్తకము చేయువాడు. పూర్వము యోగమార్గమున గురూపదేశము పొందినవాడు. అతడు తన బంధుజనుల పల్లెలవెంట తిరిగి చెప్పిన మాట దొర మాటకంటె ముందుగా ఇండ్లలో ప్రవేశించినది. మాదిగలను చేర్చుకొన్నచో పైవర్ణములవారు దూరమగుదురన్న చిక్కు క్లౌ దొరకు ఎదురైనది. వారు దూరమైరి కూడ. ఆయన మాదిగల పక్షముననే నిలిచెను. కాబట్టి క్షామము ఈ యుద్యమమును పుట్టింపలేదు. అంతకు పదేండ్లు ముందే పుట్టినదానిని పరీక్షించినది.

1876లో వానలు తప్పెను. అది ధాత సంవత్సరము, మరుసటిది ఈశ్వర. మద్రాసు రాజధానిలో ఈ రెండేండ్లును లక్షలకొలది జనులు కరవునకును, దాని వెన్నంటి వచ్చిన వ్యాధులకును బలియైరి. మాదిగ కుటుంబముల దుర్దశకు ఒక ప్రత్యేక కారణము కలదు. వారి జీవనము రైతు కళ్లముతో ముడివడినది. చెప్పులు, కపిల బానలు, పశువుల తోలుసామాను కుట్టియిచ్చి, పంటకాలమున గింజలు మేరగా పొందుట వారి వృత్తిధర్మము. సేద్యము నిలిచినచో మేరయు నిలుచును. నిలువచేసికొన్న ధాన్యము వారికెన్నడును లేదు. కరవు రైతు గడపను తాకినదనగా మాదిగవాడలో పొయ్యి అప్పటికే ఆరియుండెనని తెలియనగును.

ప్రభుత్వము కరవుపనులు తెరచినది. కాని 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి, పెరిగిన పురుషునికి దినమున కొక పౌను ధాన్యపు వెలయు, పైని అరణాయు మాత్రమే. అది దేహధారణకు చాలదని రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ తీవ్రముగా వాదించెను. ఈ తగవు మద్రాసులో కాగితములపై జరుగుచుండగా, కరవుపనుల చోట్ల మరియొక బాధ కలిగినది. మేస్త్రీలు పైకులములవారు. పనిచేయువారు అస్పృశ్యులు. కొలతలోను, కూలిలోను, మాటలోను పీడన తప్పలేదు.

మద్రాసు నుండి ఉత్తరముగా సాగి కృష్ణా డెల్టా కాలువలతో కలియవలసిన తీరపుకాలువను, అనగా తరువాత బకింగ్‌హాం కాలువ యని పేరొందినదానిని, ఆ దినములలో కరవుపనిగా త్రవ్వించుచుండిరి. క్లౌ దొర అందు సుమారు మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొనెను. మతబోధకుడు మట్టిపనికి గుత్తదారగుట వింతగా తోపవచ్చును. అయితే ఆయన మిషనునకు రాకపూర్వము అమెరికాలోని మిన్నెసోటా ప్రాంతమున భూమికొలత పనిలో నుండినవాడు. కొలబద్ద ఆయనకు క్రొత్త కాదు. తాటాకు గుడిసెలతో మకాము వెలసినది. పల్లెలనుండి వేలకొలది జనులు వచ్చి చేరిరి. ఆయన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వారిలో పెక్కుమంది మాదిగలే. తన కులమువాడే కొలత కొలిచి, తన కులమువాడే కూలి లెక్క చెప్పుట ఆ త్రవ్వువారు ఎన్నడెరిగినది కాదు. కలరా వ్యాపించిన దినములలోను బోధకులు మకామును విడువలేదు. విరామవేళల వారి చెంత కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని క్రీస్తు తన యొద్దకు పిలిచిన వాక్యమును చెప్పుచుండిరి. ఆ వాక్యమున కంతకంటె తగిన శ్రోతలు లేరు. వినువారి నెత్తిమీద మట్టిగంప యుండెను.

ఇక ముఖ్యవిషయము. ఈ మకామునుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు బాప్తిస్మము కోరి వచ్చినవారు పెక్కుమంది. క్లౌ దొర 1877 మార్చి మొదలు 15 నెలలపాటు ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. కూలికిని విశ్వాసమునకును లంకె యుండరాదని ఆయన యుద్దేశము. ఈ నిర్ణయము సులభమైనది కాదు. విశ్వసించి, అడిగి, కాదనిపించుకొన్నవారిలో ఎందరో ఆ నిరీక్షణ తీరకమున్నే కన్నుమూసియుందురు. పరిచర్యను నిష్కళంకముగా నుంచుటకు చెల్లించిన మూల్యమును పరిచర్య పొందినవారును కొంత చెల్లించిరని మనము మరువరాదు.

1878 జూను నాటికి కరవు సహాయము ముగియవచ్చెను. ఇక ధనము లేదని తెలుపుటకై క్లౌ దొర క్రైస్తవులను ఒంగోలునకు ఉత్తరమున, గుండ్లకమ్మపై నున్న వెలంపల్లికి రప్పించెను. బాప్తిస్మము కోరువారిని వెంట తేవలదని బోధకులకు వ్రాసెను. అయినను వారు వేలకొలదిగా వచ్చిరి. ఈయదగినది మరేమియు లేదని స్పష్టముగా చెప్పినను తిరిగిపోలేదు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు దేశీయ బోధకులు, ఒకేసారి ఇద్దరి చొప్పున, వంతులవారీగా నదిలో నిలిచి ఈ కార్యము నడపిరి.

దీనిని బట్టి క్షామమునకును మతాంతరమునకును సంబంధమే లేదని చెప్పుట సాహసము. ప్రాణము నిలిపినవాని మాటకు గౌరవము కలుగుట సహజము. సహాయము ఆగినను మేలు చేసినవాని జ్ఞాపకము ఆగదు. 15 నెలల నిరీక్షణ లోభమును వడగట్టగలదు. కృతజ్ఞతను వడగట్టలేదు, వడగట్టవలసిన పనియు లేదు. ధాన్యమును కోరి వచ్చినవాడు ధాన్యము ముగిసిన నాడు పోవలెను. వీరు ముగిసిన పిదప వచ్చిరి. వీరిని రప్పించినది గింజ కాదు, గింజను పొందిన తీరు. భిక్షగా గాక కూలిగా, తిట్టుతో గాక లెక్కతో, తమవారి చేతిమీదుగా అది వారికి ముట్టినది. మనుష్యులుగా ఎంచబడుట వారి కా కాలువగట్టున అనుభవమునకు వచ్చినది.

ఆధారములను గూర్చి ఒక మాట. ఈ వృత్తాంతము మనకు ముఖ్యముగా మిషనువారి వ్రాతలవలననే తెలియుచున్నది. క్లౌ స్వీయచరిత్రము ఆయన 1910లో మరణించిన పిదప, 1914లో వెలువడినది. దానిని లిపిబద్ధము చేసిన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, అమెరికాలో సామాజిక సువార్తను ప్రచారముచేసిన వాల్టర్ రౌషెన్‌బుష్‌నకు సోదరి. ఆ భావముల ఛాయ ఆ గ్రంథముపై పడలేదనలేము. 1899లో మాదిగల గాథలను ఆమె వేరుగా ప్రకటించుటచే పేరయ్య వంటివారి పలుకు కొంతయైన మిగిలినది. మట్టి మోసిన స్త్రీల పలుకు అంతకంటె తక్కువగా మిగిలినది. పరిశోధక విద్యార్థులు ఒంగోలు ప్రాంతపు కుటుంబములలో తరతరములుగా చెప్పుకొనుచున్న కరవుకథలను, పల్లెల సంఘపు పట్టికలను ఈ దృష్టితో పరిశీలింపవలసియున్నది. పరిచర్య చేసినవారి చరిత్రము వ్రాయబడినది. దానిని పొందినవారి చరిత్రము వ్రాయబడినప్పుడే ఆ పరిచర్య ఎట్టిదో నిశ్చయముగా తేలును.