కళ్ళంలో మేర, మస్టరులో పేరు

రాయలసీమ ఊరు కొలిమిగుండ్ల పేరులోనే కొలిమి ఉంది. వెనకటికి ఈ సీమలో నాగలి కర్రు సాగగొట్టించుకున్న రైతు కమ్మరి చేతిలో డబ్బు పెట్టేవాడు కాదు. జొన్న పంట కళ్ళానికొచ్చి, తూర్పారబట్టాక కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, తలారి వచ్చి నిలబడేవారు. ఒక్కొక్కరి చాటలో ఇంతని కొలిచి పోసేవారు. అది మేర. అందుకునేవాళ్ళు ఆయగాండ్లు. రైతు ఎగ్గొట్టడానికి లేదు, పనివాడు ఎక్కువడగడానికీ లేదు. కొలత అయ్యాక రైతు మనసు పుట్టి పైన పోసే దోసెడు గింజలుంటాయే, బక్షీసంటే అదీ. మేర హక్కు, దోసెడు దయ. ఈ రెంటినీ కలగలిపినప్పుడల్లా గొడవే.

పెద్ద గొడవ ఈ పక్కనే జరిగింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంపిణీకి అప్పగించాడు. పాలెగాళ్ళను అణిచి, కొందరికి పింఛన్లు కట్టారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంతుకొచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడి పింఛనులో వారసత్వం అడిగితే సర్కారు కాదంది. అంతకన్నా జనాన్ని కదిలించింది కట్టుబడుల సంగతి. ఊరి కావలికి బదులుగా తరతరాలుగా మాన్యాలు దున్నుకుంటున్నవాళ్ళు వాళ్ళు. ఆ మాన్యాలను వెనక్కి లాక్కోబూనారు. ఇచ్చినవాడికది దయ, అనుభవించేవాడికది హక్కు! రెడ్డి, కట్టుబడులు కలిసి 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని ఆ ఊళ్ళోనే ఉరితీశారు.

కచేరీలో దోసెడు కథ వేరే దారి పట్టింది. మామూలు అరబ్బీ మాట, రివాజు అని అర్థం. మన నోట్లో పడి లంచమైంది. తప్పును రివాజు చేసుకున్న జాతికి ఇంతకన్నా నిజాయితీ గల మాట దొరకదు. కుంపిణీ ఉద్యోగులు కానుకలు పుచ్చుకోరాదని 1773లోనే చట్టం చేశారు. 1860 శిక్షాస్మృతి 161వ సెక్షన్, జీతం కాక సర్కారు నౌకరు పని పేరున ఏది పుచ్చుకున్నా నేరమంది. అయినా "ఏమప్పా, మాకేం లేదా?" అనే మాటకు వయసు మీదపడలేదు. హోటల్లో సర్వరుకిచ్చే పది రూపాయలు ఈ లెక్కలోకి రావు. ఇవ్వకపోయినా ఇడ్లీ వస్తుంది. కచేరీలో ఇవ్వకపోతే కాగితం కదలదు.

1972లో పార్లమెంటు గ్రాట్యుటీ చట్టం చేసి కళ్ళం లెక్కను మళ్ళీ తెచ్చింది. యజమాని మెచ్చి ఇచ్చే సొమ్ము కాస్తా బాకీ అయింది. గనులకు, ఫ్యాక్టరీలకు, పదిమందికి తగ్గకుండా పనిచేసే దుకాణాలకు వర్తించింది. అయిదేళ్ళు ఎడతెగకుండా పనిచేసి మానేస్తే, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం. నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. చివరి జీతం 13,000 అయితే ఏడాదికి 7,500, పదేళ్ళకు 75,000. 2018లో గరిష్ఠ పరిమితి 20 లక్షలైంది.

కొలిమిగుండ్ల చుట్టూ ఇప్పుడు నాపరాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. కళ్ళంలో ఊరంతా సాక్షి. గనిలో ఆ అయిదేళ్ళకు సాక్షి హాజరు రాసే మస్టరు. దసరాకు మేస్త్రీ చేతిలో పెట్టే అయిదొందలు పుచ్చుకోండి, తప్పు లేదు. పుచ్చుకుంటూనే, మస్టరులో మీ పేరు ఏ తారీకు నుంచి ఉందో అడగండి.