సెరేషియా: స్టీమర్ నడిపినవాడి పేరు మోస్తున్న సూక్ష్మజీవి

బాత్‌రూమ్ మూలల్లో, తడి టైల్స్ సందుల్లో గులాబీరంగు జిగురు పేరుకోవడం చాలామంది చూసే ఉంటారు. తరచూ దానికి కారణం సెరేషియా మార్సెసెన్స్ అనే బాక్టీరియా. ఈ ప్రజాతి పేరు చూడగానే లాటిన్ కొద్దిగా తెలిసినవాళ్లు 'సెర్రా' అంటే రంపం కదా, దీనికి రంపపు పళ్ల అంచు ఉంటుందేమో అనుకుంటారు. రంపానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది ఒక మనిషి పేరు. పైగా ఆ మనిషికి సూక్ష్మజీవులతో పనే లేదు.

1819 వేసవిలో ఇటలీలోని పాదువా దగ్గర లెన్యారో అనే ఊళ్లో ఒక రైతు ఇంట్లో వండిన పొలెంటా ఎర్రబారింది. పొలెంటా అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా కలియబెట్టే సంగటి లాంటిది. నెత్తురు మరకల్లాంటివి కనిపించేసరికి ఊరంతా దైవకోపమని బెదిరిపోయింది. ఆ భయం కొత్తదీ కాదు. 1263లో బోల్సేనా అనే ఊళ్లో చర్చి పూజలో ఉన్న రొట్టె నెత్తురు కార్చిందన్న కథను రఫాయెల్ వాటికన్ గోడపై చిత్రించాడు. దానికీ ఈ జీవే కారణమై ఉండొచ్చని ఇప్పటివాళ్ల ఊహ.

లెన్యారో సంగతి తేల్చడానికి ఆ ప్రాంతపు వైద్యాధికారి విన్చెంజో సెట్టే పరిశోధన మొదలుపెట్టాడు. ఆయనతో నిమిత్తం లేకుండా బార్తోలొమెయో బిజియో అనే యువ ఫార్మసిస్టు కూడా దిగాడు. తాజా పొలెంటాను వెచ్చని, తేమగల చోట ఉంచితే 24 గంటల్లో ఎర్రబడుతోందని చూపించాడు. అది దైవమహిమ కాదు, పెరిగే జీవి అన్నాడు. బూజు జాతి అనుకోవడం మాత్రం పొరపాటే. అయినా ఆ రోజుల్లో అంతకన్నా ఎవరు చెప్పగలిగేవారు?

1823లో బిజియో దానికి పేరు పెట్టాడు. పక్వానికి రాగానే జిగటగా కుళ్లిపోతుంది కాబట్టి జాతి పేరు 'మార్సెసెన్స్', అంటే వాడిపోయేది. ప్రజాతి పేరు 'సెరేషియా' సెరఫీనో సెర్రాటీ అనే ఇటాలియన్ భౌతికశాస్త్రవేత్త గౌరవార్థం. ఫుల్టన్ 1807లో అమెరికాలో స్టీమర్ నడపకముందే సెర్రాటీ ఆర్నో నదిలో ఆవిరిపడవ నడిపాడనీ, లోకం ఆ ఘనత పరాయివాడికి కట్టబెట్టిందనీ బిజియో మనసులో బాధ. దాన్ని సంగటి మీది ఎర్రమచ్చతో తీర్చుకున్నాడు! పేర్లు పెట్టే హక్కును ఇంత ముచ్చటగా వాడుకున్నవాళ్లు తక్కువ.

మరుసటి ఏడే సెట్టే తన పేరొకటి ప్రకటించాడు. అది నిలవలేదు. 1848లో బెర్లిన్‌లో ఎహ్రెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త అదే జీవిని చూసి, బిజియో పేరు పట్టించుకోకుండా 'మోనాస్ ప్రొడిజియోసా' అన్నాడు. 'అద్భుతమైనది' అన్న ఈ మాటే జనానికి నచ్చింది. 1872లో కోన్ మైక్రోకాకస్ అన్నాడు, ఆ తర్వాత ఫ్లూగె బాసిల్లస్ అన్నాడు. ప్రజాతి మారినా 'ప్రొడిజియోసస్' మాత్రం వదల్లేదు.

1920లో అమెరికా బాక్టీరియాలజిస్టుల కమిటీ, ముందు పెట్టిన పేరుకే హక్కన్న సూత్రం పట్టుకుని బిజియో పేరును తిరిగి తెచ్చింది. బాక్టీరియాల వర్గీకరణ గ్రంథమైన బెర్గీ మాన్యువల్ దాన్ని ఖాయం చేసింది. ఓడిన పేరు ఎర్రరంగులో దాక్కుంది. ఆ రంగును ఇప్పటికీ ప్రొడిజియోసిన్ అనే అంటారు.

ఆ రంగే ఒక అనర్థానికీ దారితీసింది. గుర్తుపట్టడం తేలిక, హానిచేయదు అన్న నమ్మకంతో 1950 సెప్టెంబరులో అమెరికా నేవీ దీన్ని శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి గాలిలో చల్లింది. ఆ తర్వాత అక్కడి ఒక ఆస్పత్రిలో 11 మందికి ఈ ఇన్ఫెక్షన్ కనిపించింది, ఒకరు చనిపోయారు. ఆ చల్లుడే కారణమని రుజువు కాలేదు. హానిచేయదన్న మాట మాత్రం తప్పని తేలింది. నేడు క్యాథెటర్ల ద్వారా సోకే ఇన్ఫెక్షన్లలో సెరేషియాది బాగా తెలిసిన పేరే. చిత్రమేమిటంటే, రోగుల్లో దొరికే సెరేషియాలో చాలావాటికి ఆ ఎర్రరంగే ఉండదు.