చెరసాల విలాపములో పల్లవి: జోస్కిన్, రామదాసు, రెండు కీర్తనలు

కీర్తనల గ్రంథములో విలాప కీర్తనలే అధికము. అయినను మన ఆదివారపు ఆరాధనలో అవి అరుదుగా వినబడును. ఈ లోటును రెండు చెరసాలల చరిత్ర వెలుగులో పరిశీలింపగోరుచున్నాము.

1498లో ఫ్లారెన్సు చెరలో చిత్రహింసలు పడిన సవొనరోలా అను సన్యాసి 51వ కీర్తనపై (లాటిన్ బైబిలులో ఇది 50వది) ఒక ధ్యానము వ్రాసెను. మే 23న ఆయనను ఉరితీసి దహించిరి. లూథర్ ఆ ధ్యానమును 1523లో తన ముందుమాటతో ప్రచురించెను. సవొనరోలా జన్మస్థలమైన ఫెర్రారాను ఏలిన ఎర్కోలే ఆయన అభిమాని. 1503-04లో ఆ ప్రభువు కొలువులోనున్న జోస్కిన్ అదే కీర్తనను ఐదు గాత్రములకు కూర్చెను.

కరుణించుమని వేడు మొదటి మాటలను టెనర్ గాత్రము 21 మారులు పాడును. స్వరము ఒకే చోట నిలిచి, అర్ధస్వరము మాత్రము పైకి పోయి తిరిగివచ్చును. మొదటి భాగములో మారు మారునకు ఒక మెట్టు దిగును. రెండవ భాగములో ఎక్కును. మూడవ భాగములో మరల దిగును. మన చెవికి ఇది పల్లవియే. అయితే పురుషోత్తమ చౌదరి (1803-1890) గారి కీర్తనలలో పల్లవి ఎప్పుడును తన చోటికే తిరిగివచ్చును. జోస్కిన్ పల్లవి వచ్చిన ప్రతిసారి వేరొక మెట్టుపై నిలుచును. పాపి మాట మారలేదు, నిలుచున్న చోటు మారినది.

ఇక మన ప్రాంతము. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచల ఆలయము కట్టించెనని అబుల్ హసన్ కుతుబ్ షా (1672-1687) కాలమున గోల్కొండలో ఆయనను బంధించిరి. చెర పన్నెండేండ్లని సంప్రదాయము. ‘ఇక్ష్వాకు కులతిలక’ అను కీర్తనలో ఆయన ప్రాకారమునకు, నగలకు అయిన వరహాల లెక్క చెప్పి దేవునితో నిష్ఠూరమాడును. చివరి చరణములో, దెబ్బలకోర్వలేక తిట్టితినని మన్నింపు వేడును.

దీనిని 51వ కీర్తనతో పోల్చుట తొందరపాటని మా అభిప్రాయము. ఆ కీర్తనకారునికి చూపుటకు లెక్కలేవియు లేవు. రామదాసు స్వరము 44వ కీర్తనకు దగ్గర. అక్కడ ప్రజలు తాము నిబంధన తప్పలేదని దేవుని ఎదుటనే వాదింతురు. ఆ చివరి చరణము మాత్రము 51 వైపు వంగును. మన బోధకులు 51ని నేర్పి, 44ను అవిశ్వాసమని ప్రక్కన పెట్టిరి.

గోదావరి భద్రాచలము వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. ఇల్లు మునిగిన కుటుంబముచేత ఆ ఆదివారము 51ని పాడించుట, మీ పాపమే నీరై వచ్చెనని చెప్పుటయే. 44ను పాడవలసిన దినమది. దాని 23వ వచనము పల్లవిగా నిలుచుటకు చాలినంత పొట్టిది.